నేను బిగించిన విమానం మూత

ఖతర్‌లో తొమ్మిదేళ్ళు హౌస్ డ్రైవరుగా పనిచేశాను. బండికి ఒక్క గీత పడనివ్వలేదు. నా సర్వీసు మొత్తం మీద జరిగిన ఒకే ఒక్క ప్రమాదం విమానంతో. అదీ గాల్లో కాదు, అది షెడ్డులో కదలకుండా నిలబడి ఉండగా. ఇలాంటి ఘనత ఇంకెవరికైనా దక్కిందో లేదో నాకు తెలియదు. దక్కి ఉంటే వాళ్ళూ నాలాగే ఇన్నేళ్ళూ ఇంటి బయట నోరు మూసుకుని ఉంటారు.

తొంభైల నాటి మాట. దోహాలోని మదీనత్ ఖలీఫాలో మా యజమాని ఇల్లు. అందరూ ఆయన్ని అబూ సాలెం అనేవారు. నిదానస్తుడు, నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, రెండు సీట్ల పాత విమానం. మా నాన్న వయసుంటుంది దానికి. మదీనత్ అల్ షమాల్ అనే ఊరికి వెళ్ళే దారిలో, రోడ్డుకి బాగా లోపల, ఒక షెడ్డులో ఉండేది. దాని మంచిచెడ్డలు చూసేది కరీంనగర్ నుంచి వచ్చిన మెకానిక్ నర్సింగన్న.

ఒక శుక్రవారం పొద్దున్నే అబూ సాలెం, మాతో మాట్లాడే వచ్చీరాని హిందీలో, "సూరీ, ఇంజిన్ పని అయిపోయింది. సాయంత్రం ఎగురుతున్నా. పక్క సీటు ఖాళీ. వస్తావా?" అన్నాడు.

ఆ తర్వాత నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు. దోహాకి విమానంలోనే వచ్చాను గానీ, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య నలిగిన నాకు మేఘం కాదు కదా, కిటికీ కూడా కనిపించలేదు. ఇదేమో ముందు సీటు. గదికి పరుగెత్తి, మా ఇంటి వంటమనిషి బాషాకి చెప్పాను. కడపవాడు, ఒకప్పుడు హోటల్లో సర్వరుగా చేశాడు.

"పైలట్ పక్కన కూకుంటావుండావు. ఉత్త చొక్కాతో పోతే ఏం బాగుంటాది?" అంటూ తన ఎర్ర టై తీసి నా మెడకు కట్టాడు. కట్టడం అతనికి తెలుసు. విప్పడం నాకు తెలియదు. ఈ సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

అబూ సాలెంని దారిలో ఆయన స్నేహితుడి తోట దగ్గర దించి, నేను షెడ్డుకి చేరాను. విమానం ముక్కు దగ్గర, ఇంజిన్ మీద కప్పే పై మూత తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"పెట్రోలు డబ్బా పట్కొస్త. నేనొచ్చే దాంక దేన్నీ ముట్టకు," అన్నాడు నర్సింగన్న.

"ముట్టనన్నా."

"నీ మొఖం జూస్తే ముట్టెటట్టే ఉన్నవ్."

ఆయన అటు వెళ్ళాడో లేదో నా చేతులు దురద పెట్టాయి. మూత బిగించేస్తే అంత తొందరగా ఎగరొచ్చు కదా. స్టూలెక్కి, పెళ్ళికూతురికి ముసుగు వేసినంత జాగ్రత్తగా మూత దించాను. నాట్లు వేసే మనిషిలా వంగి, వంగినవాణ్ణి వంగినట్టే ఉండి, ఈల వేస్తూ పదకొండు స్క్రూలు బిగించాను. బిగించడమంటే అలా ఇలా కాదు, ఇంజిన్ బతికున్నంత కాలం ఊడకుండా.

ఇక లేవబోయాను. లేవలేదు.

నడుం పట్టేసిందనుకున్నాను. కిందికి చూస్తే టై కొస మూత కింద ఉంది. కంగారుగా ఒక్క గుంజు గుంజాను. ముడి బిగిసి గొంతుకి అతుక్కుంది. స్క్రూడ్రైవరేమో మూత మీంచి జారి, చేతికందనంత దూరంలో నేల మీద పడింది.

సరిగ్గా అప్పుడే ఆ తోట వాళ్ళ కారు వచ్చింది. అబూ సాలెం, ఆయన స్నేహితుడు దిగారు. నేను గబుక్కున రెండు చేతులూ చాచి, ఇంజిన్‌ని కావలించుకున్నట్టు చెంప ఆనించాను.

"యల్లా సూరీ, ఎక్కు."

"మీరెక్కండి సార్. నేను ఇంజిన్ చప్పుడు వింటున్నాను."

"ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయలేదే."

"స్టార్ట్ చేయకముందు ఎలా ఉందో కూడా వినాలి సార్."

ఆయన పక్కనున్న స్నేహితుడికి అరబీలో ఏదో చెప్పాడు. నా పనితనం గురించే అయ్యుంటుంది, ఆ పెద్దమనిషి గౌరవంగా తలూపాడు. నేనూ ఊపబోయి, ఊపిరాడక మానుకున్నాను. ఇంతలో అబూ సాలెం ఎక్కి కూర్చుని స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. ప్రొపెల్లరు నా ముక్కుకి మూరెడు దూరంలో ఉంది. పరువు ఒక పక్క, ముక్కు ఒక పక్క.

"మాఫీ స్టార్ట్ సార్, మాఫీ స్టార్ట్," అని, అంటే స్టార్ట్ చేయొద్దని, నాకొచ్చిన అరబీలో కేకపెట్టాను.

ఆయన దిగి వచ్చి, టైని చూశాడు, మూతని చూశాడు, నన్ను చూశాడు.

"నిన్నెవరు కట్టేశారు?"

"నేనే సార్."

"ఎందుకు?"

నేను నేల మీది స్క్రూడ్రైవరు వైపు వేలు చూపించాను. అబూ సాలెం నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. విమానం రెక్క పట్టుకుని మరీ నవ్వాడు.

డబ్బాతో వచ్చిన నర్సింగన్న మాత్రం నవ్వలేదు. "ముట్టనంటివి గదరా," అంటూ స్క్రూలన్నీ విప్పి నన్ను వదిలించాడు. "మూత తీసి ఇంజిన్ నడిపి, నూనె కారుతుందా జూడాలె. అందుకే బిగియ్యలే." అంటే నేను అంత కష్టపడి బిగించిన మూత ఎలాగూ విప్పాల్సిందే అన్నమాట.

నూనె కారలేదు. మూతని నర్సింగన్న మళ్ళీ నాచేతే బిగింపజేశాడు, పక్కన నిలబడి. తర్వాత ఒక్కో స్క్రూనీ తను సరిచూసుకున్నాడు. నేను ఎక్కాను. నిజంగానే ఎగిరాం. ఎడారి కిందికి జారిపోయింది, సముద్రం వచ్చింది. నా కళ్ళు మాత్రం ఎదురుగా అదిరే ఆ మూత మీదే ఉన్నాయి. అరగంట సేపు రెప్ప వేయలేదు.

దిగాక అబూ సాలెం అడిగాడు: "సముద్రం ఎలా ఉంది?"

"ఒక్క స్క్రూ కూడా ఊడలేదు సార్," అన్నాను.

ఆ సాయంత్రమే, పెట్రోలు డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఈ జన్మలో ఏ మూతా ముట్టను. ఇప్పటికీ ఇంట్లో కుక్కరు మూత తీయమంటే ఈ ప్రమాణమే చెబుతాను. పని ఎగ్గొట్టడానికి ఇంత దూరం నుంచి కథ మోసుకొచ్చినవాణ్ణి ఎక్కడా చూడలేదంటుంది మా ఆవిడ.