ఆడకుండా వచ్చిన కప్పు

రాజమణికి ఫ్లెక్సీలంటే కంపరం. అమీర్‌పేటలో ఉద్యోగం చేసే మనిషికి అది కాస్త ఇబ్బందే. ఆ వీధుల్లో గోడలకంటే ఫ్లెక్సీలే ఎక్కువ. కోర్సుల పేర్లు, ర్యాంకులు, ర్యాంకుల కింద పాస్‌పోర్టు సైజు మొహాలు. ఏ ర్యాంకు ఏ మొహానిదో అడిగే నాథుడు లేడు. రోజూ పొద్దున బోరబండ నుంచి వచ్చి, వాటి కిందుగా తల వంచుకుని నడిచి, మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న బడికి చేరుకునేది. తన మొహం కూడా ఒకనాడు వాటి సరసన వేలాడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆమె ఆ బడిలో పీఈటీ. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య. అక్కడి సర్కారు బడిలో డ్రిల్లు సారు ఒకాయన బంతిని మైదానం మధ్యలో పడేసి, మగపిల్లలతో పాటు ఆడపిల్లల్ని కూడా దాని వెనక పరిగెత్తించేవాడు. అప్పటి నుంచి ఆమెకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. పెళ్లయినా పోలేదు, ఇద్దరు పిల్లలు పుట్టినా పోలేదు, మోకాలు నొప్పి మొదలైనా పోలేదు. భర్త రాజేందర్‌కి పంజాగుట్టలో చిన్న టైలరింగ్ షాపు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని అతనికి ఈమెను చేసుకున్నాకే తెలిసింది.

ఇక ఆ బడి గురించి చెప్పాలంటే నోరు చేదవుతుంది. నాలుగంతస్తుల డబ్బా. వెనక ఒక పెరడు. బ్రోచర్లో దాన్ని ‘విశాలమైన క్రీడా ప్రాంగణం’ అని అచ్చేశారు. అందులో సగం పక్క కోచింగ్ సెంటర్ వాళ్ల బండ్ల పార్కింగుకు ఇచ్చేశారు. మిగిలిన సగంలో జనరేటర్ ఒకటి, ఎప్పుడూ కారే నీళ్ల ట్యాంకు ఒకటి. ఆ రెండింటి మధ్య పిల్లలు ఆడాలి. బంతి బండ్ల మీద పడితే కోచింగ్ సెంటర్ కుర్రాళ్లు బూతులు. అదైనా రోజూ దొరుకుతుందా అంటే అదీ లేదు. లెక్కల సారుకి సిలబస్ మిగిలితే ఆటల పీరియడ్ తినేస్తాడు. సైన్సు టీచరుకి పరీక్ష మిగిలితే ఆమె తినేస్తుంది. ఎవరికి ఆకలేసినా ముందు ఆటల పీరియడ్ మీదే చెయ్యి వేస్తారు. పిల్లల ఒళ్లు అనే వస్తువొకటి ఉందని వాళ్లకు అన్నం పెట్టేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు.

రాజమణి మటుకు శనివారం పీరియడ్‌ని పళ్లతో పట్టుకుని కాపాడుకుంది. అందులో ఒక పద్ధతి పెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఐదో తరగతిలో ఒక్కొక్కరిని చేయి పట్టుకోవాలి. ఆ చిన్నదానికి బంతి ఆపడం, పాదం లోపలి వైపుతో నెట్టడం, పడితే ఏడవకుండా లేవడం ఈ పెద్దది నేర్పాలి. దాన్ని పిల్లలు ‘జోడీ’ అనేవాళ్లు. పెద్దవాళ్లు పది పాసై వెళ్లిపోతారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లయి ఇంకొక చిన్నవాళ్ల చేయి పట్టుకుంటారు. జట్టును తయారుచేయడం ఏమంత పని కాదు, జట్టు వెనక జట్టు రావాలి, తను ఉన్నా లేకపోయినా రావాలి. ఆమె కోరిక అదొక్కటే.

కెప్టెన్ అనుదీప్ అలా వచ్చినవాడే. ఐదో తరగతిలో బంతిని చూసి కళ్లు మూసుకునే పిరికి పిల్లాడు. ఇప్పుడు తొమ్మిది. వాడి జోడీ యశస్విని అనే చిచ్చరపిడుగు. పిల్ల జడలు ఎగరేసుకుంటూ “అన్నా, అన్నా” అని వాడి వెంటే తిరిగేది. వాడు దానికి బూటు లేసు కట్టడం చూసినప్పుడల్లా రాజమణికి కడుపు నిండిపోయేది.

ఆ ఏడు అంతర పాఠశాలల పోటీకి పేరిచ్చారు. జెర్సీలు రాజేందర్ కుట్టాడు. జెర్సీలను ఎవరైనా చిన్న, పెద్ద సైజులని కొంటారు. ఈ ఇంట్లో ఆ తెలివి లేదు. దర్జీ చేతులు ఊరుకోవు. రాజమణి టేపు పట్టుకుని ఒక్కొక్క పిల్లాడి భుజం, ఛాతీ, చేతి పొడవు కొలిచింది. రాజేందర్ ఏదో యూనిఫాం ఆర్డరులో మిగిలిన పచ్చ గుడ్డతో ఎవరి ఒంటికి వారిదిగా కుట్టాడు. పిల్లలు ఎదుగుతారని పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలాడు. పెళ్లికి షేర్వాణీ కుట్టినంత శ్రద్ధ. వేసుకున్నాక పిల్లలు అద్దం ముందు నుంచి కదల్లేదు.

పోటీ ఇంకో మూడు రోజులుందనగా కరస్పాండెంట్ చలపతిరావు ఆమెను గదిలోకి పిలిచాడు. బడి ఆయనదే. ఆ గదిలో ఎవరో ఆరేడుగురు బలమైన కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఇద్దరికి నిండు మీసాలు. టేబుల్ మీద ఆమె పిల్లల జెర్సీలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకడు అనుదీప్ జెర్సీలో తల దూర్చి, చేతులు దూరక గింజుకుంటున్నాడు. చంకలో కుట్టు పర్రుమంది.

“ఏందిది సార్? వీళ్లెవరు?” అంది రాజమణి.

“మన స్టూడెంట్సే అండి,” అని నవ్వాడు చలపతిరావు. “నిన్నే జాయిన్ చేసుకున్నాం. అకాడమీలో మంచి ప్లేయర్లు. ఐడీ కార్డులు కూడా వచ్చేశాయి. చూడండి రాజమణి గారూ, ఈ జెర్సీలేంటి మరీ ఇంత బిగుతుగా కుట్టారు? లోపల గుడ్డ ఉందిగా, మీవారితో కాస్త వదులు చేయించండి.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా చీదర పుట్టింది. గదిలో సెంటు వాసన, అగరొత్తి వాసన, ఆ కుర్రాళ్ల చెమట వాసన అన్నీ కలిసి ఒక్కసారిగా గొంతులోకి వచ్చినట్టయింది.

“మన పిల్లలు యాడికి పోవాలె సార్? నాలుగేండ్ల సంది ఆడుతుర్రు.”

“వాళ్లూ వస్తారండి, ఎందుకు రారు? గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొడతారు. అడ్మిషన్ల సీజను. కప్పు కావాలి. ఈ చుట్టుపక్కల ఏ స్కూలు చేయట్లేదు చెప్పండి? మీకు మరీ చాదస్తం.”

“గా గుడ్డ మా పిల్లలు పెరిగెటందుకు విడిచిపెట్టినం సార్. మీసాలోళ్ల కోసం కాదు. నేను ఇప్ప, మా ఆయన ఇప్పడు,” అని జెర్సీలన్నీ రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చింది. వెనక ఆ కుర్రాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. వాడి మీద ఆమెకు కోపం రాలేదు. వాడికి ఆట వచ్చు, ఎవరో తీసుకొచ్చారు, వచ్చాడు.

చలపతిరావు కోఠీ నుంచి రెడీమేడ్ జెర్సీలు తెప్పించాడు. ఆదివారం పోటీ జరిగింది. చిన్న తరగతుల పిల్లల్ని తీసుకెళ్లలేదు. పచ్చ జెర్సీలు వేసుకున్న పిల్లలు గ్యాలరీలో కూర్చుని, లెక్కల సారు చెయ్యి ఊపినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. నాలుగేళ్లలో ఒక్కనాడు పెరట్లో తొంగిచూడని లెక్కల సారు ఆ రోజు మెడలో విజిల్ వేసుకుని తిరిగాడు. కప్పు వచ్చింది.

సోమవారం ప్రార్థన దగ్గర అసలు తద్దినం. తెచ్చిన కుర్రాళ్లు ఆదివారమే వెళ్లిపోయారు కాబట్టి, కప్పు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అనుదీప్‌ని వేదిక మీదికి పిలిచారు. వాడు కప్పును రెండు చేతులా పైకెత్తాడు. డ్రమ్ములు మోగాయి. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తారు. గుంపులో నిలబడ్డ రాజమణి వాడి కళ్లలోకి చూసింది. సిగ్గుపడతాడనుకుంది. వాడు మొదట కాస్త తడబడ్డాడు గానీ, ఫొటోగ్రాఫర్ “నవ్వు బాబూ” అనగానే హాయిగా నవ్వేశాడు.

కిందికి దిగాక ఆమె దగ్గరికి వచ్చి, “మస్తు ఉంది కదా మేడం? ఆడకుండనే కప్పొచ్చింది,” అన్నాడు.

ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చలపతిరావు దొంగతనం ఆమెకు ఆశ్చర్యం కాదు. ఆయన బతుకే అది. కానీ నాలుగేళ్లు తను పెరట్లో చెమటోడ్చి నేర్పింది ఒకటి, ఆయన మూడు రోజుల్లో నేర్పింది ఇంకొకటి. పిల్లాడు ఆయన పాఠం పట్టుకుపోయాడు. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తెరిచి అన్నం చూసి మళ్లీ మూసేసింది.

శనివారం జోడీలకు తొమ్మిదో తరగతి వాళ్లు ఒక్కరూ రాలేదు. ఎందుకు రావాలి? గెలవాల్సి వచ్చినప్పుడు గెలిచేవాళ్లు వేరే ఉన్నారు. చిన్నపిల్లలు మాత్రం జనరేటర్ పక్కన వరసగా నిలబడి చూశారు. యశస్విని తన బూటు లేసులు ఊడదీసుకుని కూర్చుంది, అన్న వచ్చి కడతాడని. రాజమణి వంగి కట్టబోతే కాలు వెనక్కి లాక్కుంది.

ఆ సాయంత్రమే బడి గేటు మీద ఫ్లెక్సీ లేచింది. నడుమ చలపతిరావు చేతులు జోడించి. ఒక పక్క కప్పుతో అనుదీప్. ఇంకో పక్క వరసగా ఆ మీసాల కుర్రాళ్లు. కింది మూలలో గుండ్రంగా రాజమణి మొహం, ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన పాత ఫొటో, నవ్వుతూ. దాని కింద ‘విజయ సారథి’ అని పెద్ద అక్షరాలు. ఆమె గేటు ముందు ఆగిపోయింది. పక్కనే మిర్చి బజ్జీల బండి అతను, “మేడం, మీ ఫొటో మంచిగొచ్చింది,” అన్నాడు పాపం, మెచ్చుకుందామని.

ఆమె తిన్నగా పంజాగుట్టకు వెళ్లింది. షాపులోకి వెళ్లి, గుడ్డ కోసే పెద్ద కత్తెర తీసుకుంది. రాజేందర్ దాన్ని దేవుడి పటం కింద పెడతాడు. గుడ్డ తప్ప వేరేదేదీ దానికి తాకనివ్వడు. పిల్లలు ఒకసారి దానితో కాగితం కోస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

“ఏందే, గది యాడికి పట్కపోతున్నవ్?”

“ఫ్లెక్సీ కొయ్యాలె.”

“ప్లాస్టికా? దిమాక్ ఖరాబయిందా? పదును పోతది!”

“పోనీ,” అంది. అంతకంటే మాట్లాడితే ఏడుస్తానని ఆమెకు తెలుసు.

మళ్లీ బడి గేటు దగ్గరికొచ్చి, వాచ్‌మన్ కుర్చీ లాగి ఎక్కింది. జాకెట్టుకు మెడ కత్తిరించినట్టు తన మొహం చుట్టూ గుండ్రంగా కోసింది. ఫ్లెక్సీ మొండిగా ఉంది, కత్తెర మూలిగింది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకు పోయే కుర్రాళ్లు ఆగి వీడియోలు తీశారు. చలపతిరావు లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు.

“ఏంటండీ ఇది? స్కూలు ప్రాపర్టీ అది!”

“ఫ్లెక్సీ మీది సార్. మొకం నాది,” అంది రాజమణి, కోసిన ముక్కను మడిచి సంచిలో పెట్టుకుంటూ.

వచ్చే ఏడాదికి వేరే పీఈటీని చూసుకుంటానని ఆయన రోడ్డు మీదే అరిచాడు. చూసుకోమంది. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు. అడ్మిషన్లు జరుగుతున్నాయి కదా, మూలన చిల్లుంటే ఏం పోయింది? ఆ చిల్లు లోంచి గేటు ఇనప చువ్వలు కనిపిస్తూ, వారమైనా అలాగే వేలాడుతూ ఉంది. ఆ వారమంతా రాజేందర్ ఆమెతో కత్తెర సంగతి తప్ప మాట్లాడలేదు. కత్తెరతో గుడ్డ కోస్తే అంచులు నమిలినట్టు వస్తున్నాయని సణిగాడు. ఆమెకు అవేవీ వినపడలేదు. ఏ పని చేస్తున్నా అనుదీప్ నవ్వే గుర్తొచ్చేది. నోరు పుక్కిలించినా ఆ చేదు వదల్లేదు.

తర్వాతి శనివారం బడి వదిలాక షాపులో ఆమె గుండీలు కుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. అనుదీప్. చెప్పులు విడిచాడు గానీ లోపలికి రాలేదు.

“ఏం బిడ్డా?” అన్నాడు రాజేందర్.

పిల్లాడు అతని వైపు చూడలేదు. రాజమణి వైపు కూడా చూడలేదు. నేల మీద పడిన గుడ్డ ముక్కల్ని చూస్తూ, “యశస్విని రోజు అడుగుతుంది మేడం,” అన్నాడు.

“ఏమని?”

“అన్నా, ఫైనల్ల నువ్వు ఎన్ని గోల్స్ కొట్టినవని.”

“ఏం చెప్పినవ్?”

“రెండని చెప్పిన. నమ్మింది మేడం. క్లాసుల అందరికి చెప్పుకుంట తిరుగుతుంది. రేపటి సంది అందరికి గట్లనే కొట్టుడు నేర్పుతదంట.”

రాజమణి సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. వాడు మోచేత్తో ముక్కు తుడుచుకుని, అప్పుడు తలెత్తాడు.

“నా ఫొటో సుత కొయ్యాలె మేడం. కత్తెర ఇస్తరా?”

ఆమె రాజేందర్ వైపు చూసింది. అతను లేచి, దేవుడి పటం కింది నుంచి కత్తెర తీశాడు. అంతకు ముందు రోజే సాన పట్టించుకొచ్చాడు. అంచును బొటనవేలితో ఒకసారి తడిమి, పిడి పిల్లాడి వైపు తిప్పి అందించాడు.

“జర మెల్లగ కొయ్యి. పక్కనున్న పోరగాండ్ల మొకాలు తెగొద్దు,” అన్నాడు. “వాండ్లు నిజంగ ఆడిండ్రు.”