గోటికి తగిలిన గీతలు

మొన్న పింఛను పనిమీద బ్యాంకుకు వెళితే, గుమ్మం దగ్గర కాపలా ఆయన తుపాకీని గోడకు ఆనించి టీ తాగుతున్నాడు. తప్పుపట్టాలని కాదు గాని, దాన్ని చూడగానే మా నాన్నగారు గుర్తొచ్చి, వచ్చిన పని మరచి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

పంతొమ్మిది వందల డెబ్బైలలో ఆయన సైన్యం నుంచి తిరిగొచ్చి బెజవాడలో ఒక ఆఫీసుకు తుపాకీ కాపలాగా ఉండేవారు. ఏటా కొండవార మైదానంలో కాల్పుల పరీక్ష పెట్టేవారు, అందులో నెగ్గితేనే ఉద్యోగం. ఆ ఏడు ఆయనకు ఇచ్చిన రైఫిల్‌తో ఒక చిక్కు వచ్చింది. పేల్చాక ఖాళీ తూటా ఛాంబరులో, అంటే తూటా కూర్చునే గదిలో, బిగుసుకుపోయేది, దాన్ని వెనకనుంచి గడియలా మూసే బోల్టు వెనక్కి వచ్చేది కాదు. నాన్నగారు లోపల కాస్త కొబ్బరినూనె రాసి నెట్టుకొచ్చేవారు.

నా చదువు స్కూలుతోనే ఆగింది గాని, గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని చదివేదాన్ని, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. నూనె రాస్తే తూటా గోడలను పట్టుకోదనీ, పేలుడు తాకిడంతా బోల్టు మీద పడి ప్రమాదమనీ ఒక పుస్తకంలో చూసి ఆయనకు చెప్పాను.

“ఆ రాసినాయన ఎండలో బోర్లా పడుకుని కాల్చాడంటావా అమ్మాయ్?” అని నవ్వారు గాని, నూనె మానేశారు.

పరీక్షనాడు తూటా ఇరుక్కుంది. అరచేత్తో ఎంత కొట్టినా బోల్టు కదలలేదు. “చేతుల్లో పట్టు పోయింది పెద్దాయనా, ఇక ఇంటిపట్టున ఉండండి,” అన్నాడట ఆఫీసరు అందరి ముందూ. వారం తర్వాత ఆఖరి అవకాశం ఇస్తానన్నాడట. ఆ రాత్రి నాన్నగారు అన్నం కలుపుతూ మధ్యలో ఆగి చేతులు చూసుకోవడం నేను చూశాను.

మర్నాడే మళ్ళీ గ్రంథాలయానికి పోయి, లేతు యంత్రం పనుల పుస్తకం తిరగేశాను. రంధ్రాన్ని నునుపు చేసే పనిముట్టు అదిరితే లోపల చుట్టూ సన్నని గాళ్ళు, అంటే గీతల్లాంటి పల్లాలు, పడతాయని ఉంది. పేలినప్పుడు ఉబ్బిన తూటా ఇత్తడి తొడుగు ఆ గాళ్ళలోకి ఒదిగి పట్టేస్తుందని నాకు తోచింది. ఖాళీ తూటాలన్నీ అక్కడే లెక్కచెప్పి అప్పగించాలి, ఇంటికి తేవడానికి లేదు. అందుకే, “ఇచ్చేముందు తూటా మీద గోటితో నిలువునా గీసి చూడండి నాన్నగారూ, లోపల గాళ్ళుంటే వాటి అచ్చు తగులుతుంది, అంతే,” అన్నాను.

వారం తర్వాత అదే రైఫిల్‌తో రెండోసారీ తూటా ఇరుక్కుంది. తుపాకీ గొట్టం తుడిచే కమ్మీతో ముందునుంచి పొడిచి తీశారు. నాన్నగారు గోరు ఆనిస్తే గీత తర్వాత గీత తగిలింది. దాన్ని ఆఫీసరు చేతిలో పెట్టి, తమరూ ఒకసారి గీసి చూడమన్నారట. ఆయన చూసి, కుర్ర కాపలాదారు ఒకణ్ణి పిలిచి అదే రైఫిల్‌తో కాల్పించాడు. అతనికీ అదే గతి. అప్పుడు నాన్నగారికి వేరే రైఫిల్ ఇప్పిస్తే తడబాటు లేకుండా కాల్చారు. “ఆరోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను పెద్దాయనా,” అన్నాడట ఆఫీసరు అందరి ముందూ.

ఇంటికొచ్చి ఉద్యోగం నిలిచిందని కూడా ముందు చెప్పలేదు. గడపలోనే నిలబడి, “నా చేతులు కావమ్మా,” అన్నారు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి, అది వయసేనని నాకు తెలుసు. కానీ ఈ రోజుల్లో ఎవరైనా ఒక్కసారి పనికిరారని తేలితే ఆ మాట ఏదో కంప్యూటరులో ఎక్కిపోతుంది, ఇక దానికి తిరుగులేదు. అందరి ముందూ అన్న మాటను, గోటితో గీసి చూసి, అందరి ముందే వెనక్కి తీసుకున్న ఆ ఆఫీసరు లాంటివాళ్ళు ఇప్పుడు ఏ బల్ల వెనక కూర్చున్నారో నాకు కనిపించడం లేదు.