అతని పాత స్ప్రింగులు

మా నాన్న జీపు దిగి నడిచింది తక్కువ. నా వంతు వచ్చేసరికి జీపు, భూమి పోయాయి. మిగిలింది ఒక పాత మోటారు సైకిలు. ఎనభైల నడుమ ఎండాకాలాల్లో, పరకాల దారిలో ఎండిన చెరువులో కుర్రాళ్ళం పందాలు పెట్టుకునేవాళ్ళం. గెలిచినవాడికి స్టీలు కప్పు. నాకు కప్పు మీద ఆశ లేదు. ప్రతిసారీ గెలిచే ఒకడి కంటే ఒక్కసారి ముందు రావాలి.

అతని తండ్రి మా ఎడ్లబండి తోలినవాడు. ఇప్పుడు వాళ్ళకు మూడు లారీలు. తండ్రి నన్ను చిన్నదొర అని పిలిచేవాడు, ఇతను అన్నా అంటాడు. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. గట్టు దూకినప్పుడు నా బండి వెనకభాగం దభీమని కుంగేది. అతనిది పిల్లిలా దిగేది. వెనక లావుపాటి కొత్త స్ప్రింగులు వేయించుకున్నాడు. నా కళ్ళెప్పుడూ వాటి మీదే.

కొత్తవాడలో మా మెకానిక్‌ను నేను చాచా అనేవాణ్ణి. అవే స్ప్రింగులు తెప్పించమన్నాను.

"అవి ఆయన వజన్‌కు దొర. ఆయన తొంభై కిలోలు. మీరు అరవై గూడ లేరు."

"అతనికి పనికొచ్చినవి నాకెందుకు పనికిరావు?"

చాచా తెప్పించి బిగించాడు. ఈసారి బండి కుంగలేదు, చిన్న రాయికి కూడా నన్ను సీటు మీంచి పైకి విసిరింది. నడుము పట్టుకుని షెడ్డుకు తిరిగి వచ్చాను. చాచా హ్యాండిల్ పట్టుకుని నన్ను రెండు కాళ్ళూ పైకెత్తి కూర్చోమన్నాడు. బండి ఎంత కుంగుతుందో చూడ్డానికి ముందే వెనక మడ్‌గార్డు మీద సుద్దతో గీత గీసి ఉంచాడు. అది కదిలీ కదలనట్టు కదిలింది.

"మీరు కూసున్నరన్న సంగతి బండికే తెల్వలే దొర. జర మెత్తటివి కావాలె. నా తాన ఉన్నయి."

గోనెసంచిలోంచి ఒక జత తీశాడు. వేసి కూర్చోబెడితే గీత రెండువేళ్ళంత దిగి ఆగింది. బండి నా కోసమే చేసినట్టుంది.

"ఎవరివి ఇవి?"

చాచా చేతులు తుడుచుకున్నాడు. "ఆయనయే. లారీలు రాకముందు మీ లెక్కనే బక్కగ ఉండె."

విప్పేయమన్నాను. మా ఇంట్లో ఒకరు విడిచినది ఎవరూ తొడుక్కోలేదు. మూడు రోజులు అటువైపు పోలేదు. పందెం ముందురోజు మాత్రం పోయాను.

"ఎవరికీ చెప్పొద్దు చాచా."

"ఫికర్ చెయ్యకుండ్రి. నల్లరంగు గూడ ఏస్త."

ఆ పందెంలో మొదటిసారి గట్టు దిగుతుంటే నాకు ఆకాశం కాక దారి కనబడింది. అయినా అతనే గెలిచాడు, బండి పొడవంత తేడాతో. నేను రెండో వాణ్ణి.

అతను కప్పు చంకలో పెట్టుకుని వచ్చి నా వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. స్ప్రింగు కింది చుట్టు మీద ఒక పాత గాటు ఉంది, రంగు దాన్ని కప్పలేదు. దాని మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. చుట్టూ జనం.

"ఏం స్ప్రింగులే అవి, గంత మంచిగ పోయింది?" అని ఎవరో అడిగారు.

అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు. "అన్న పట్నం నుంచి తెప్పిచ్చిండు. మనకు దొరకయి తియ్."

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను.

ఆ బండిని ఇంకో ఆరేళ్ళు నడిపాను. స్ప్రింగులు మార్చలేదు. గుంతలు మెత్తగా దాటిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కున్నాను.