నాలుగు పత్తి చెట్లు, ఆరు స్టీలు బకెట్లు

ఈ కథ చివర్లో నా పరువు పోతుంది. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో మీకు నా మీద జాలి పుడితే అది దండగ. ఆ పరువులో సగం నరసరావుపేట బజార్లోనే పోయింది, మిగతా సగాన్ని రైతులు కారంపూడి బస్సులో ఊళ్ళకు మోసుకెళ్ళారు.

ఎనభైల నాటి మాట. బీయస్సీ లెక్కలు పాసై ఇంట్లో కూర్చున్నాను. ఓడ మీద ఉద్యోగం చేసే మా మేనమామ సింగపూరు నుంచి నాకొక కంప్యూటర్ తెచ్చాడు. కంప్యూటరంటే ఇప్పటిలాంటిది కాదు, పలకంత నల్ల పెట్టె, దాని మీద రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. టేప్ రికార్డరుకు తగిలిస్తే మనం రాసిన ప్రోగ్రాం క్యాసెట్‌లోకి ఎక్కుతుంది. కరెంటు పోయిందా, దానికి తన పేరు కూడా గుర్తుండదు. మళ్ళీ క్యాసెట్ పెట్టి, అది అయిదు నిమిషాలు కీచుమని అరిచేదాకా కాచుకోవాలి.

దాంతోపాటు వచ్చిన పుస్తకం సగం చదివేసరికే నాకు అంతా వచ్చేసిందనిపించింది. వెంటనే ఒక ఆట రాశాను. తెర మీద నాలుగు పత్తి చెట్లు, ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు. టిక్కుమని శబ్దం చేసి ఏదో ఒక చెట్టు మీద పచ్చపురుగు ఒక్క క్షణం తల బయటపెడుతుంది. ఆలోగా ఆ నంబరు మీట నొక్కితే మందు పడి పురుగు చస్తుంది. మొత్తం నలభై పురుగులు, ముప్ఫై చంపితే గెలుపు. ఏ పురుగు ఏ చెట్టు మీదికొస్తుందో రాసిన నాకు కూడా తెలియదు, కంప్యూటరే తనకు తోచిన అంకె తీసుకుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నా చేలో అంతా సరిగ్గానే ఉందని నా నమ్మకం.

హెడ్మాస్టరైన మా నాన్నకు మాత్రం ఆ నమ్మకం లేదు. "బీయీడీ అప్లికేషన్ నింపి పెట్టా. సంతకం పెట్టు," అన్నారు.

"హైదరాబాదులో కంప్యూటర్ కోర్సుకు పోతా నాన్నా."

"ఆ పెట్టెతో నలుగురికి పనికొచ్చే పని ఒక్కటి చేసి చూపించు. ఆదివారం దాకా టైమిస్తున్నా. చూపిస్తే హైదరాబాదు, లేకపోతే బీయీడీ."

పురుగుమందుల కొట్టు సాంబయ్యగారు నాన్న దగ్గర చదువుకున్నవారే. ఆయన్ని పట్టుకున్నాను. "నా టీవీ పెడతా, కొట్టు ముందు ఆడించమ్మాయ్. గెలిచినోళ్ళకి స్టీలు బకెట్ ఇస్తా. రైతులు ఆగితే చాలు, మీ నాయనకి నేను చెప్తా," అన్నారాయన. పెట్టెనూ, క్యాసెట్‌నూ రెండు రోజులు తన కొట్లో ఉంచుకుని టీవీకీ, టేప్ రికార్డరుకూ వైర్లు అతికిపెట్టింది రేడియో మెకానిక్ ఖాదర్ అన్న. ఈ పేరు గుర్తుంచుకోండి, పాపం.

మొదటి రెండు రోజులూ జనమే జనం, మధ్యమధ్య కరెంటు కోతలు. కానీ పద్నాలుగు పురుగులు దాటినవాడు లేడు. చేలో లక్ష పురుగుల్ని చంపిన ముప్పాళ్ళ రైతు ఒకాయన ఎనిమిది దగ్గరే ఆగిపోయి, టీవీ వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. "దీంట్లో ఏదో మతలబుంది. చేలో పురుగన్నా నయం, ఇంత మోసం చెయ్యదు," అన్నాడు. నేను నవ్వుకున్నాను. నవ్వడం నాకు అదే ఆఖరు.

మూడో రోజు కూడా కరెంటు పోయి వచ్చింది. నేను క్యాసెట్ పెట్టి ఆట మళ్ళీ ఎక్కించగానే, ఎదురుగా పరుపులు కుట్టే మస్తాన్‌బీ పిన్ని సూది కొంగుకు గుచ్చుకుని వచ్చింది. మా ఇంటి పక్కావిడే, ఖాదర్ అన్నకు సొంత అక్క. "ఏమే ఎస్తేరూ, నేనొక్కసారి నొక్కుతా," అంది.

ముప్ఫై మూడు చంపింది. జనం ఈలలు వేశారు, సాంబయ్యగారు బకెట్ ఇచ్చారు. అదృష్టమనుకున్నాను. మర్నాడు రెండుసార్లు కరెంటు పోయింది, రెండు బకెట్లు పోయాయి. శుక్రవారం మూడు కోతలు, మూడు బకెట్లు. ప్రతిసారీ ఆట ఎక్కీ ఎక్కగానే అందరికంటే ముందు ఆవిడే. మిగతా వేళల్లో ఎంత బతిమాలినా ఆడదు. "ఇప్పుడు కాదులే, పనుంది," అంటుంది.

నా లోపల ఉన్న పోలీసు లేచి కూర్చుంది. దగ్గరగా నిలబడి చూశాను. పురుగు తల పెట్టకముందే ఆవిడ వేలు సరైన మీట మీద ఉంటోంది. ఉంగరంలో అయస్కాంతం ఉందేమోనని ఉంగరం తీయించాను. పురుగుల వేగం పెంచాను. అయినా చంపింది. కరెంటు వచ్చాకే ఎందుకు వస్తోంది? కరెంటాఫీసులో చుట్టాలున్నారా అని కూడా ఆరా తీశాను.

ఇంతలో సాంబయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "ఆమె మీ పక్కింటామె గదా. బకెట్లు ఇద్దరూ పంచుకుంటున్నారా ఏంది?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అందరినీ అనుమానించడం న్యాయంగా తోచింది గానీ, నన్నొకరు అనుమానించడం చానా అన్యాయంగా తోచింది. ఆ రాత్రి పడుకోబోతూ దొంగను పట్టేశాను. వైర్లు అతికిందెవరు? ఖాదర్. క్యాసెట్ రెండు రోజులు ఎవరి కొట్లో ఉంది? ఖాదర్ కొట్లో. గెలుస్తున్నదెవరు? ఖాదర్ అక్క. బీయస్సీ లెక్కల్లో కూడా నాకు ఇంత తేలిగ్గా జవాబు రాలేదు.

శనివారం నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఖాదర్ అన్నను కూడా పిలిపించాను. కరెంటు పోయింది, వచ్చింది. ఆట ఎక్కించి, టీవీని అటు తిప్పేశాను. తెర జనానికి కనిపిస్తుంది, పిన్నికి కనిపించదు.

"ఇప్పుడు నొక్కు పిన్నీ," అన్నాను.

ఆవిడ పక్క కొట్టు గోడను చూస్తూ, టిక్కుమన్నప్పుడల్లా ఒక మీట నొక్కింది. నలభైకి నలభై.

నేను ఖాదర్ అన్న వైపు వేలు చూపించాను. "నువ్వే నా ప్రోగ్రాం చదివి మీ అక్కకి చెప్పావు. నమ్మి క్యాసెట్ ఇస్తే ఇదా నువ్వు చేసేది?"

ఖాదర్ అన్న మొహం చిన్నబోయింది. "ఎస్తేరమ్మా, నేను రేడియో విప్పగలను గానీ ఇంగ్లీషు ముక్క చదవలేను. ఆ క్యాసెట్ పాటలదనుకుని ఒకసారి పెడితే చెవులు పోయినయ్," అన్నాడు.

"మరి మీ అక్కకి పురుగు రాకముందే ఎట్టా తెలుస్తంది?"

పిన్నే నా వంక వింతగా చూసింది. "తెలియకేముందే? కరెంటు పోయొచ్చినప్పుడల్లా అది మల్లా మొదటికొచ్చిద్ది గదా. రెండు, నాలుగు, ఒకటి, ఒకటి, మూడు, రెండు, నాలుగు, నాలుగు. మధ్యలో ఇంకోళ్ళు ఆడితే వరస తప్పిద్ది, అందుకే ముందే వస్తా. రెండు రోజులు కుట్లేసుకుంటా విన్నా, చూశా, ఎక్కం మాదిరి వచ్చేసింది. నువ్వు ఎక్కం నేర్పే ఆట పెట్టావనుకున్నా."

నేను పుస్తకం తీశాను. చదవని సగంలో మొదటి పేజీ. పెట్టె ఆపి వేసిన ప్రతిసారీ అంకెలు అదే వరసలో వస్తాయి కాబట్టి, ప్రోగ్రాం మొదట్లో ఫలానా మాట ఒకటి చేర్చాలని ఉంది. ఇంట్లో పెట్టె ఆపకుండా గంటల తరబడి ఆడేదాన్ని గనుక నాకా వరస ఎప్పుడూ కంటబడలేదు. మూడేళ్ళు లెక్కలు చదివిన నాకు తెలియనిది పరుపులు కుట్టే ఆవిడ రెండు రోజుల్లో పట్టేసింది.

నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు. "హైదరాబాదు పంపాల్సింది మస్తాన్‌బీని. నువ్వు సంతకం పెట్టు," అని అప్లికేషన్ తీశారు.

అప్పుడు మాట్లాడింది ఎవరనుకుంటున్నారు? నేను నలుగురిలో దొంగను చేసిన ఖాదర్ అన్న. "సార్, తప్పు యాడుందో తెలిసింది గదా. దిద్దగలదేమో చూడండి. దిద్దితే పోనీండి," అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్కడే, అందరి ముందూ, క్షమించమని అడిగాను.

ఆ ఒక్క మాట చేర్చి ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్న ముందే ఆట పెట్టాను. పిన్ని కరెంటు రాగానే వచ్చి తొమ్మిది చంపింది. లేచి నిలబడి, "నిన్నటిదాకా బాగుండేది. ఇప్పుడు ఏదో మోసం పెట్టావు," అంది. సాంబయ్యగారు కూడా తలూపారు. "నిజమే, బాగున్నదాన్ని చెడగొట్టావమ్మాయ్." బజారంతా నా వైపు అనుమానంగా చూస్తుంటే, నాన్న ఒక్కరే నవ్వి అప్లికేషన్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

హైదరాబాదు బయల్దేరే రోజు పిన్ని ఆరు బకెట్లలో ఒకటి తెచ్చి ఇచ్చింది. "హాస్టల్లో నీళ్ళకి పనికొచ్చిద్ది, తీసకపో." చెయ్యి ఊరుకుంటుందా, అలవాటుగా బకెట్ బోర్లించి అడుగు చూశాను.

"చిల్లి లేదులే," అంది పిన్ని. "అది నువ్వు చేసింది కాదు."

అందుకే ఆ బకెట్ మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా అనుమానించే ముందు నన్ను నేను అనుమానించుకుంటాను, ఏ పుస్తకాన్నీ సగంలో మూసి వేలు ఎత్తి చూపను. బకెట్లు మాత్రం తిప్పి చూస్తాను.