నెర్రె విచ్చిన పనస దుంగ కోసం కల్లూరుకు

"దుంగలో నెర్రె కనపడతాండాది. ఒకసారి వచ్చి చూసి పోమ్మా" అని వీరాచారి ఫోన్ చేసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఆయన కర్నూలు పక్కన కల్లూరులో వీణలు చేస్తాడు. భుజం నొప్పితో పాత వీణ ఎత్తలేక అమ్మ వాయించడమే మానేసింది. ఆమె కోసం ఒకే పనస దుంగను తొలిచి తేలికైన చిన్న వీణ చేయమని అడిగాను. మా ఎండలకు తట్టుకునేలా బాగా ఆరిన దుంగ ఆయన దగ్గర అదొక్కటే ఉంది. ఇంకోటి తెచ్చి ఆరబెట్టాలంటే ఏళ్లు పడుతుంది. అంతదాకా అమ్మ వేళ్లలో వాయించే పట్టు ఉంటుందా అన్నదే నా భయం.

కడపలో పొద్దున ఆరింటి బస్సెక్కితే మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పదకొండుకు అటూ ఇటూగా కర్నూలు చేరొచ్చు. టికెట్టు మూడొందల చిల్లర. నంద్యాలలో టిఫినుకు ఆపారు గానీ నేను బస్సు దిగలేదు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు కనిపిస్తే ఎప్పుడూ ఫోటోలు తీసేదాన్ని, ఈసారి ఆ ఎండను తిట్టుకుంటూ కూర్చున్నాను. బస్టాండు బయట కల్లూరుకు షేరాటో, మనిషికి ముప్పై. "తొందరగా పోనీ అన్నా" అంటే, "ఏమ్మా, ఆస్పత్రికా?" అన్నాడు డ్రైవరు. "కాదన్నా, ఒక కొయ్యను చూడాల" అన్నాను. అద్దంలో నన్ను ఎగాదిగా చూసి గేరు మార్చాడు.

రేకుల షెడ్డులో కాలు పెడితే పనస పొట్టు. దుంగలో గుండ్రంగా సగం తొలిచిన వీణ కుండ లోపల వీరాచారి గీతను వేలితో చూపించాడు, వెంట్రుకంత సన్నం. "ఇంకో పొర తీస్తే పోవచ్చు. లోపలికి దిగి ఉంటే రెండు చెక్కలైతాది. నాకూ గుబులుగానే ఉండాదమ్మా" అన్నాడు. ఆ మాటతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది. ఇలాంటి ఉలి దెబ్బ వేసేటప్పుడు చేయించుకునేవాళ్ల చెయ్యి దుంగ మీద ఉండాలట, వాళ్ల నాయన కాలం నుంచి అంతేనట. చెయ్యి ఆనించాను. ఉలి కదిలింది. సన్నటి చెక్కు లేచింది. నెర్రె సగం తగ్గింది, పూర్తిగా పోలేదు.

"ఇంకొకటి వేద్దామా?" అన్నాడు. నేను ఆ గీతను వేలితో తడిమాను. "వాయించేది మీ అమ్మ గదా, ఆమెనే చెప్పనీ" అని ఆయనే దారి చూపించాడు. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి సంగతి చెప్పాను.

"కొయ్య మీద తట్టమను" అంది అమ్మ. ఆయన వేలి కణుపుతో తట్టాడు. "ఇంకోసారి." మళ్లీ తట్టాడు. లైను కట్టయిందేమోనని స్క్రీన్ చూశాను.

"ఆపమను. ఇంక ముట్టుకోవద్దని చెప్పు. శానా బాగా పలుకుతాండాది. నెర్రెకు అతుకు ఏస్తే చాలు."

"అతుకు కనపడుతుందమ్మా."

"కనపడనీలేవే. దాన్ని చూసుకుంటా కూచుంటానా, వాయించుకుంటానా?"

వీరాచారి ఉలి కింద పెట్టి, చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు.

తిరుగు బస్సులోనూ నా గుబులు పోలేదు. అతుకు నిలిచేదీ లేనిదీ ఒక వేసవి దాటితే గానీ తెలియదని ఆయన చెప్పే పంపించాడు. నేను దుంగ పగలకూడదనే చూశాను, అమ్మ మాత్రం దాని గొంతు వింది. మీరూ వీణ చేయించుకోవాలనుకుంటే వాయించే మనిషినే వెంటబెట్టుకుని పోండి, కుదరకపోతే ఫోన్ నిండా చార్జింగైనా పెట్టుకోండి. నేను ఇల్లు చేరేసరికి అమ్మ డైనింగ్ టేబుల్ అంచు మీద, వీణ మెట్ల మీద జరిపినట్టే ఎడమచేతి వేళ్లు జరుపుతూ కూర్చుంది. భుజం నొప్పి లేదా అని అడిగాను.

"ఉండాది" అంది, వేళ్లు ఆపకుండా.