బయటి గొళ్ళెం

మా గుడిసె మీది గడ్డి మాది, కింది మట్టి దొరది. హుజూర్‌నగర్‌కు ఒక పూట నడక దూరంలో ఉన్న మా వాడంతా అంతే. దొరకు కోపమొస్తే మనిషి మీద చెయ్యి వేయించేవాడు కాదు, గుడిసె పీకించేవాడు. మర్నాడు ఆ మనిషే వెళ్లి కాళ్లు పట్టుకునేవాడు.

ఆ ఏడు మిషను వాళ్లు ఊరికి అవతల, గుట్ట పక్కన, ఒక సాయిబు దగ్గర బీడు కొన్నారు. మా పాస్టరయ్య వాడవాళ్లందరినీ అక్కడికి పిలిచాడు. రాళ్లు, పెంకలు మిషనువి, రెక్కలు మీవి అన్నాడు. కిరాయి లేదు. ఇల్లు అమ్ముకోరాదు, పిల్లల పిల్లల దాకా ఉండొచ్చు. అసలు మాట చివర చెప్పాడు.

"గీ జాగల ఉన్నోళ్లను వెట్టికి రమ్మనే హక్కు ఎవ్వరికీ లేదు."

బాపు తల్లి, మా అవ్వ, ఆ ఒక్క మాటే పట్టుకుంది. ఎందుకంటే మా అక్కకు ఈడొచ్చింది, దొర ఉండే గడీలో పనికి పంపమని కబురు కూడా వచ్చింది. గడీకి పనికి పోయిన పిల్ల మళ్లీ ఇంటి పిల్లగా తిరిగి రాదని వాడలో అందరికీ తెలుసు. జ్వరమని, కడుపునొప్పి అని మా అమ్మ సాకులు చెబుతూ వచ్చింది. తడిక తోసుకుని ఎవరైనా లోపలికి రాగల గుడిసెలో సాకులు ఎన్నాళ్లు ఆగుతాయి?

అందుకే పిచ్చిపట్టినట్టు కట్టాం. అక్క మట్టి తొక్కింది, నేను నీళ్లు మోశాను, బాపు గోడ పెట్టాడు. దొర గుర్రం మీద అటు పోతూ ఒకసారి ఆగి చూశాడు. నవ్వి పోయాడు. మొరిగే కుక్క కరవదంటారు. మొరగని కుక్క సంగతి ఎవరూ చెప్పరు.

గోడలు లేచాయి, పెంకలు ఎక్కాయి, తలుపులకు మాత్రం కర్ర లేదు. అప్పుడే గడీ నుంచి బండ్లు వచ్చాయి. ఇంటికొక దర్వాజ చట్రం, తలుపు, బిగించడానికి కర్రపని చేసే వడ్లవాళ్లు. "దొర ధర్మం చేసిండు" అన్నాడు బండి వెంట వచ్చిన జవాను. మా ఆడవాళ్లు క్రైస్తవులమన్న సంగతి మరచి దర్వాజలకు పసుపు రాశారు. పాస్టరయ్య చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తలుపన్నది లేని మనుషులం. మూయడం, తెరవడం, మళ్లీ మూయడం, పెద్దవాళ్లకు కూడా అదే ఆటైపోయింది.

అవ్వ మాత్రం తలుపును రెండు వైపులా తడిమింది.

"కొడుకా, గొళ్ళెం బయటికే ఉన్నది. లోపల గడియ ఏది?"

"తర్వాత పెట్టుకుందాం అవ్వా. ఉత్తగ వచ్చినదానికి వంకలెందుకే?" అన్నాడు బాపు.

"నేను గడీల పెరిగిన. మేం పండే అర్రలకు గిట్లాంటి తలుపులే ఉంటుండె. బయటోడు పెడ్తడు, బయటోడు తీస్తడు. గీ తలుపు నా ఇంటికి వద్దు."

అవ్వ నోట గడీ మాట నేను వినడం అదే మొదలు. బాపు తల వంచుకున్నాడు. వడ్లాయనను పంపేసి, పాత గుడిసె తడికనే తెచ్చి కట్టాడు. అవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎవరూ వినలేదు.

"కొత్తింటికి పాత తడికా! కుక్కలను పిలిచి బువ్వ పెడ్తవా ముసల్దానా?" అని నవ్వారు.

దొర మనసు మారిందేమో, అంత అనుమానం పనికిరాదు అన్నాడు పాస్టరయ్య. మంచివాడు. మంచివాళ్ల మీద నాకిప్పటికీ కోపం వచ్చేది అందుకే.

వానలకు ముందు ఒక మధ్యాహ్నం. ఎండకు జనం తలుపులు దగ్గరికి వేసుకుని పడుకున్నారు. అమ్మా బాపూ కూలికి పోయారు. మాది వరసలో చివరి ఇల్లు. అవ్వ ఆకు నములుతూ తడిక సందుల్లోంచి బయటికి చూస్తోంది. ఇనుము చప్పుడు మెల్లగా వినిపించింది. కాసేపటికి మళ్లీ, ఇంకాస్త దగ్గరగా. దొర జవాన్లు ఒక్కో ఇంటికీ బయటి నుంచి గొళ్ళెం పెట్టుకుంటూ వస్తున్నారు. అడ్డుపడే మనిషి ఒక్కడూ బయటికి రాకుండా.

అవ్వ అరవలేదు. నిద్రపోతున్న అక్కను జబ్బ పట్టి లేపి, తడిక పక్కకు జరిపింది.

"గోడ మూల తిరిగి గుట్ట ఎంబడి పాస్టరయ్య ఇంటికి ఉరుకు. ఎనకకు చూడకు."

అక్క పోయిన కాసేపటికే వాళ్లు లోపలికి వచ్చారు.

"పిల్లేది?"

"గిదే నా పిల్ల" అని అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుంది.

అవ్వ చెంప మీద కొట్టి, గంజి కుండ పగలగొట్టి పోయారు. వరస పొడుగునా జనం లోపలి నుంచి తలుపులు బాదుతూనే ఉన్నారు. ఒక్కొక్క గొళ్ళెం నేనే వెళ్లి తీశాను. ఎవరూ నా ముఖం చూడలేదు.

ఆ సాయంత్రమే పాస్టరయ్య అక్కను గడ్డిబండిలో దాచి నల్గొండ పంపాడు. అక్క అక్కడే మిషను దవాఖానలో పని నేర్చుకుంది.

దొర పట్నం పారిపోయి, నిజాం రాజ్యం పోయాకే అక్క మళ్లీ ఇంటికి వచ్చింది. అప్పటికి మాకు తలుపు ఉంది, లోపల గడియ ఉంది. అవ్వ గడియ వేసి సంబరంగా చూపించింది.

"జూడు బిడ్డా, ఇగ ఎవ్వడూ రాలేడు."

అక్క చాప మీద పడుకుంది, లేచి కూర్చుంది, మళ్లీ పడుకుంది. చివరికి గోడకు ఆనుకుని కూర్చుంది.

"అవ్వా, తలుపు తియ్యి. నాకు బయట కనపడాలె."

అవ్వ గడియ తీసి, అటక మీది పాత తడిక దింపి దర్వాజకు ఆనించింది. తెల్లారేదాకా అక్క దాని సందుల్లోంచి చూస్తూనే ఉంది. ఆ ఇల్లు మేం కట్టుకున్నది ఆమె కోసమే.