అమ్మ దడి, నాయనమ్మ కోళ్ళు

మా ఇల్లు యానాం ఫరంపేటలో కాలువ గట్టుకి ఆనుకుని ఉండేది. రెండు గదుల తాటాకిల్లు, దాని వెనక ఇంటికి మూడింతలుండే పెరడు. నాన్న గోదావరి మీద చేపలు పట్టేవాడు. యానాంలో అప్పటికింకా ఫ్రెంచివాళ్ళే ఉన్నారు. నాకు పదేళ్ళు ఉంటాయేమో. ఆ పెరట్లో కోళ్ళు నాయనమ్మవి, మొక్కలు అమ్మవి. ఇద్దరికీ రోజూ ఏదో ఒక పేచీ ఉండేది.

నాయనమ్మకి చూపు బాగా మందగించింది. మనుషుల్ని గొంతు విని గుర్తుపట్టేది, కోళ్ళని చేత్తో తడిమి ఏది ఏదో చెప్పేది. గుప్పెడు నూకలు చల్లి "బా బా బా" అని పిలిస్తే అవి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవి. వాటిలో చుక్కల పెట్ట ఒకటి మరీ మాలిమి. గింజలు అయిపోయాక మిగతావి వెళ్ళిపోయినా అది నాయనమ్మ ఒళ్ళోకెక్కి కూచునేది. ఒక ఆదివారం మేం చర్చికి బయల్దేరితే వెనకాలే నడిచొచ్చింది. మేం చూసుకోలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక నాయనమ్మ పాదాల దగ్గర కొక్కొక్కోమంది. అందరూ కళ్ళు తెరిచారు. నాయనమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు దాన్ని చెంగుకింద కప్పేసుకుంది. పాస్టరుగారు నవ్వు ఆపుకుని ప్రార్థన పూర్తి చేశారు.

అమ్మకి ఈ కోళ్ళంటే ఒళ్ళుమంట. వంగనారు పోస్తే కెలికేసేవి, బెండ విత్తనం పెడితే మొలకెత్తక ముందే ఏరుకు తినేసేవి.

"ఆటిని గంప కింద మూస్తే ఏం పోయింది అత్తా?" అనేది అమ్మ.

"ఎప్పుడూ మూసేత్తే అయి కోళ్ళా, ఇంట్లో సావాన్లా?" అనేది నాయనమ్మ.

ఆ ఏడు వానలు తగ్గాక అమ్మ ఇంక లాభం లేదనుకుంది. పెరటికి అడ్డంగా తాటాకు దడి కట్టించింది. దడికి ఇవతల ఇల్లూ కోళ్ళగూడూ, అవతల కాలువదాకా తోట. మధ్యలో లోపలికి వెళ్ళడానికి ఒక తడిక. నాన్న తల మునిగేంత ఎత్తు దడి అది. దానిమీదకి ఆనప పాకింది, వెనక పందిరి నిండా బీర అల్లుకుంది. కాలువ పక్క అరటి గుబురు మేకలు కూడా దూరలేనంత చిక్కగా పెరిగింది. ఆ కాపు చూడటానికి పక్కింటివాళ్ళు వచ్చేవారు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు గాని, మాటిమాటికీ తడిక తీసుకుని లోపలికి వెళ్ళొచ్చేది.

ఒకరోజు సందెవేళ నాయనమ్మ కోళ్ళని గూట్లోకి పిలుస్తోంది. నేను పక్కనే తవుడు తడుపుతున్నాను. ఉన్నట్టుండి దడి మీంచి బూడిదరంగుది ఒకటి దూకింది. కుక్కంత ఉంది. కోళ్ళన్నీ ఒక్కసారిగా అరిచాయి. నేను లేచేలోపే అది ఒకదాన్ని నోట కరుచుకుని మళ్ళీ దడి ఎక్కి తోటలోకి దిగిపోయింది.

"ఏటైందే? ఏటది?" అంటూ నాయనమ్మ చేతులు గాల్లో చాపి అటూఇటూ తిరిగింది.

నేను నాన్నని కేకేశాను. నాన్న కర్ర పట్టుకుని తడిక తీసుకుని లోపలికి వెళ్ళేసరికి అక్కడ ఏమీ లేదు. నాయనమ్మ గూడు ముందు కూచుని లోపల చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నీ తడిమింది. చివరిదాన్ని తడిమాక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సుక్కల్ది లేదు" అంది.

మర్నాడు పొద్దున్న అమ్మ తోటంతా వెతికింది. అరటి గుబురు వెనక, దడికీ కాలువకీ మధ్య, నేల నున్నగా అణిగి ఉంది. చుట్టూ ఈకలు, వాటి కింద ఎండిన చేపముళ్ళు. నాన్న వంగి చూశాడు.

"బావురుపిల్లి. మడ అడవుల్లోంచి కాలవెంబడి వచ్చుంటాది. ఇక్కడే మకాం పెట్టింది" అన్నాడు.

ఆ సాయంత్రం చేప తలకాయలో విషం పెట్టి గట్టుమీద పడేస్తానన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"ఈదిలో కుక్కలున్నాయి, పాకే పిల్లలున్నారు. ఇసం మాటెత్తకు."

ఆ తర్వాత నాయనమ్మ కోళ్ళని బయటికి వదల్లేదు. పొద్దుటినుంచీ గూడు పక్కనే కూచునేది. లోపల అవి ఇరుక్కుని ఒకదాన్నొకటి పొడుచుకుని ఈకలు రాల్చుకునేవి. నాయనమ్మ సరిగా అన్నం తినేది కాదు, అమ్మతో పేచీ కూడా పెట్టుకునేది కాదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. నాకైతే వాళ్ళు మళ్ళీ పోట్లాడుకుంటే బాగుండుననిపించేది.

ఒకరోజు నాన్న చేపల వేటకి వెళ్ళాక అమ్మ కత్తి పట్టుకుని తోటలోకి వెళ్ళింది. ముందు అరటి గుబురు నరికింది. తరవాత బీరపందిరి. పిందెలూ కాయలూ వేలాడుతుండగానే తీగల్ని మొదళ్ళకంటా కోసేసింది.

"అమ్మా, కాయలున్నాయే" అన్నాను.

"కోసుకో. బుట్ట తెచ్చుకో" అంది, తల తిప్పకుండా.

ఆ తర్వాత దడి మొదలుపెట్టింది. తాటాకులు చిరిగే చప్పుడుకి నాయనమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఏటే ఆ సప్పుడు?"

"దడి తీసేత్తన్నాను అత్తా. అది దాక్కోడానికి సోటిచ్చింది ఈ దడే. నేనే కట్టించాను."

"మరి నీ మొక్కలు?"

"మళ్ళీ ఏసుకుంటాను."

నాయనమ్మ కింద కూచుని, పడిన ఆకుల్ని ఒళ్ళోకి లాక్కుని, వాటి కట్లు విప్పి తాళ్ళు ఒక పక్కకి చుట్టడం మొదలుపెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ అదే పని చేశారు. మధ్యలో ఒకసారి నాయనమ్మ, "నీకు సేతులు కోసుకుపోయుంటాయి, పసుపెట్టుకో" అనడం విన్నాను.

నాన్న వచ్చి చూసి ముందు నిర్ఘాంతపోయాడు. మర్నాడు పాత వలలు తెచ్చి కాలువ గట్టు వెంట గుంజలు పాతి కట్టాడు. అడుగున మేకులు కొట్టి తుమ్మకంప పేర్చాడు. గూటిని నాలుగు కర్రల మీద ఎత్తుగా నిలబెట్టి కొత్త చెక్క తలుపు పెట్టాడు.

కొన్నాళ్ళకి, మళ్ళీ సందెవేళే, వల దగ్గర గింజులాట వినిపించింది. నాయనమ్మ తప్ప అందరం పరిగెత్తాం. బావురుపిల్లి వలలో చిక్కుకుని బుసకొడుతోంది. నాన్న కర్ర ఎత్తాడు.

"ఎలాగుందిరా?" అని గుమ్మంలోంచి నాయనమ్మ అడిగింది.

"డొక్కలు కనబడతన్నాయే. ముసల్ది లాగుంది."

ఆ మాట అంటూనే నాన్న ఒక్క క్షణం ఆగాడు. జాలిపడి ఆగాడో, గురి చూసుకోవడానికి ఆగాడో నేను ఎప్పుడూ అడగలేదు. ఈలోగా అది పాత వలని పళ్ళతో పరపరా చింపుకుని కాలువలోకి దూకింది. పిల్లి నీళ్ళంటే భయపడుతుందనుకునేదాన్ని. అది మాత్రం తల పైకెత్తి నింపాదిగా ఈదుకుంటూ అవతలి గట్టెక్కి తుంగలోకి వెళ్ళిపోయింది. నాన్న వలకి పడిన కన్నం చూసుకుని విసుక్కున్నాడు. తరవాత బురదలో అప్పుడప్పుడూ అడుగులు కనిపించేవి గాని, మా పెరట్లో మరో కోడి పోలేదు. నాయనమ్మ మళ్ళీ కోళ్ళని వదిలింది.

ఖాళీ అయిన తోటలో అమ్మ వెంటనే విత్తనం వెయ్యలేదు. కోళ్ళు అందులోకి వెళ్తుంటే తోలలేదు కూడా. అవి పొద్దస్తమానం నేలని కెలికి, చెదలూ తెల్లపురుగులూ ఏరుకు తిన్నాయి. కొన్ని వారాలకి మట్టి గుల్లబారింది.

"పార పట్టే పని సగం తప్పింది అత్తా" అంది అమ్మ.

"మరేటనుకున్నావ్?" అంది నాయనమ్మ. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత పాత దర్పం వినిపించింది.

విత్తనం వేశాక అమ్మ దడి జోలికి పోలేదు. మడుల మీద మోకాలెత్తున పుల్లలు గుచ్చి వల పరిచింది. కోళ్ళు దాని చుట్టూ తిరిగేవి, లోపలికి మెడ పెట్టలేకపోయేవి. ఉడతలూ చిలకలూ కూడా తగ్గాయి. వంగ బాగా కాసింది. అది చూసి వీధిలో మిగతావాళ్ళు కూడా వల ముక్కలు అడగడం మొదలుపెట్టారు. అమ్మా నాయనమ్మా పోటీపడి ఇచ్చేసేవారు. ఒక పొద్దున్న నాన్న వేటకి బయల్దేరబోతూ, బాగుచేద్దామని పక్కన పెట్టుకున్న వల కోసం ఇల్లంతా వెతికాడు. అది అప్పటికే మూడో ఇంట్లో బెండమొక్కల మీద ఉంది.